ఫుడ్ స్టాంపుల లేఖ పోయినప్పుడు ఏ కాగితం అడగాలి, ఎవరిని అడగాలి?

అమెరికాలో ఫుడ్ స్టాంపులు అందుకుంటున్న ఇళ్లలో, ఎవరైనా అడిగేదాకా ఆమోద లేఖను ఎవరూ పట్టించుకోరు. కార్డు పనిచేస్తుంటుంది, నెలనెలా డబ్బు జమ అవుతుంటుంది, సరుకులు వస్తుంటాయి. ఉన్నట్టుండి ఫోను రాయితీ ఇచ్చే కంపెనీయో, పౌరసత్వ దరఖాస్తు నింపిపెడుతున్న సంస్థో "మీకు మంజూరైనట్టు లేఖ ఉందా?" అని అడుగుతుంది. ఎప్పుడో తపాలాలో వచ్చిన కవరు కోసం ఇల్లంతా వెతుకుతారు. దొరకదు. వెంటనే కార్యాలయానికి ఫోను చేసి "మా లేఖ పోయింది, నకలు ఇవ్వండి" అంటారు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఆ ఒక్క కోరిక కింద మూడు వేర్వేరు కాగితాలు దాగి ఉన్నాయి. మొదటిది, ఈ కుటుంబం ఇప్పుడు సహాయం అందుకుంటోందని ఈరోజు తేదీతో కార్యాలయం కొత్తగా ఇచ్చే ధ్రువీకరణ లేఖ. రెండోది, దరఖాస్తు ఆమోదించినప్పుడు పంపిన అసలు నోటీసు. మూడోది, ఆ నోటీసు వెనక ఉన్న లెక్కలు, ఆధారాలు అన్నీ కలిసిన కేసు ఫైలు. రాయితీలకు, మినహాయింపులకు సాధారణంగా మొదటిది చాలు. అది అన్నిటికంటే త్వరగా దొరికేది కూడా. కార్యాలయం తీసుకున్న నిర్ణయంతో మీకు పేచీ ఉన్నప్పుడు మాత్రం మొదటిది ఎందుకూ కొరగాదు, రెండోదీ మూడోదీ కావాలి. ఈ తేడా తెలియక ధ్రువీకరణ లేఖతో తీరే పనికి పాత నోటీసు కోసం వారాల తరబడి ఎదురుచూసేవారున్నారు. అప్పీలుకు వెళ్లాల్సినవారు ధ్రువీకరణ లేఖ పట్టుకుని తృప్తిపడి గడువు దాటబెట్టుకునే ప్రమాదమూ ఉంది. రెండో నష్టం చాలా పెద్దది.

లేఖ ఎవరి దగ్గర ఉంటుంది?

ఫుడ్ స్టాంపులకు చట్టబద్ధమైన రూపం వచ్చింది 1964లో. 2008 అక్టోబరు నుంచి దీని పేరు స్నాప్. పేరు మారినా ఇళ్లలో ఇప్పటికీ ఫుడ్ స్టాంపులనే అంటారు. 2024 ఆర్థిక సంవత్సరంలో సగటున నెలకు 4 కోట్ల 17 లక్షల మంది ఈ సహాయం అందుకున్నారు. సహాయం తాలూకు డబ్బు ఫెడరల్ ప్రభుత్వానిది, నిబంధనలు వ్యవసాయ శాఖవి. కానీ దరఖాస్తు తీసుకోవడం, ఇంటర్వ్యూ చేయడం, ఆమోదించడం, లేఖ పంపడం మాత్రం రాష్ట్రాల పని. అందుకే వాషింగ్టన్‌లోని వ్యవసాయ శాఖకు ఎన్నిసార్లు ఫోను చేసినా మీ లేఖ దొరకదు. మీ కేసు వారి దగ్గర లేనే లేదు.

రాష్ట్రాల్లోనూ రెండు పద్ధతులున్నాయి. టెక్సాస్ వంటి చోట రాష్ట్ర శాఖే నేరుగా నడుపుతుంది. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, నార్త్ కరోలినా, వర్జీనియా, ఒహాయో వంటి పది రాష్ట్రాల్లో ఈ పని కౌంటీ స్థాయి కార్యాలయాలది. అంటే న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్నవారు వెళ్లాల్సింది మిడిల్‌సెక్స్ కౌంటీ కార్యాలయానికి, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉన్నవారు ఆలమేడా కౌంటీకి. పేర్లు కూడా తికమక పెడతాయి. కాలిఫోర్నియాలో ఇదే పథకం కాల్‌ఫ్రెష్, విస్కాన్సిన్‌లో ఫుడ్‌షేర్, వెర్మాంట్‌లో త్రీస్క్వేర్స్ వీటీ. స్నాప్ లేఖ తెమ్మన్నారని, మా దగ్గర ఉన్నది కాల్‌ఫ్రెష్ లేఖ కదా అని వెనక్కి తగ్గేవారుంటారు. రెండూ ఒకటే.

మరో గందరగోళం సోషల్ సెక్యూరిటీ శాఖతో వస్తుంది. పెద్దవాళ్లకు ఎస్ఎస్ఐ అనే నెలవారీ సహాయం వస్తుంటే ఆ శాఖ నుంచి కూడా ఒక మంజూరు లేఖ వస్తుంది. అది నగదు సహాయానికి సంబంధించినది, ఆహార సహాయానికి కాదు. ఇంట్లో రెండు కవర్లూ ఒకే సంచిలో ఉంటే ఒకదాని బదులు ఇంకొకటి ఇచ్చేసి దరఖాస్తు తిరస్కరణకు గురికావడం చాలా తేలిక. కాగితం పైభాగంలో ఏ శాఖ పేరు ఉందో చూస్తే ఈ చిక్కు తప్పుతుంది.

ఆ కాగితంలో ఏముంటుంది, ఎందుకు పాతబడుతుంది?

దరఖాస్తు అందిన 30 రోజుల్లోగా అర్హులకు సహాయం అందే ఏర్పాటు జరగాలన్నది ఫెడరల్ నియమం. చేతిలో దాదాపు ఏమీ లేని కుటుంబాలకైతే 7 రోజులు. ఆమోదించినప్పుడు పంపే నోటీసులో నెలకు ఎంత వస్తుందో, అర్హత ఏ నెలలో మొదలై ఏ నెలలో ముగుస్తుందో తప్పనిసరిగా రాయాలి. నిర్ణయం నచ్చకపోతే విచారణ కోరే హక్కు ఉందని, ఏ కార్యాలయాన్ని ఏ నంబరులో సంప్రదించాలో కూడా చెప్పాలి. అర్హత కాలం సాధారణంగా 12 నెలలకు మించదు. ఇంట్లోని పెద్దలంతా 60 ఏళ్లు దాటినవారో, వైకల్యం ఉన్నవారో అయితే 24 నెలల దాకా ఇవ్వవచ్చు.

ఈ వివరాల్లో నెలకు వచ్చే డబ్బు మొత్తం చాలా త్వరగా పాతబడుతుంది. ఏటా అక్టోబరు 1న ధరలను బట్టి సహాయం లెక్క మారుతుంది. అలాస్కా, హవాయి మినహా మిగతా రాష్ట్రాల్లో నలుగురున్న కుటుంబానికి గరిష్ఠ మొత్తం 2025 సెప్టెంబరు దాకా 975 డాలర్లు, ఆ అక్టోబరు నుంచి 994 డాలర్లు. అద్దె పెరిగినా, ఆదాయం మారినా, పిల్లలు పుట్టినా మీ మొత్తం మళ్లీ మారుతుంది. జూన్‌లో వచ్చిన లేఖ అప్పటి నిర్ణయానికి సాక్ష్యమే కానీ, డిసెంబరులో మీరు ఎంత అందుకుంటున్నారో చెప్పలేదు. అందుకే పాత లేఖ పోయిందని బెంగపడేవారికి నేను చెప్పే మొదటి మాట ఇది: అది దొరికినా బహుశా మీ పనికి సరిపోయేది కాదు, కొత్తది తీసుకోండి.

కార్డు చూపిస్తే సరిపోదా అన్నది సహజమైన సందేహం. సహాయం జమయ్యే ఈబీటీ కార్డు మీద అర్హత తేదీలుండవు. కేసు మూసేసిన తర్వాత కూడా కార్డు మీ పర్సులోనే ఉంటుంది, ఖాతాలో మిగిలిన డబ్బు ఖర్చు పెట్టుకోవడానికి పనిచేస్తుంది. కాబట్టి కార్డు చేతిలో ఉండటం మీరు ఇప్పుడు పథకంలో ఉన్నారని రుజువు చేయదు. మ్యూజియంలలో తక్కువ ధర టికెట్ ఇచ్చే కార్యక్రమం వంటి చోట్ల కార్డు చాలు. డబ్బుకు, హక్కులకు సంబంధించిన పనుల్లో తేదీ ఉన్న కాగితం అడుగుతారు.

అడిగేవారికి నిజంగా ఏం కావాలి?

కార్యాలయానికి ఫోను చేసే ముందే, కాగితం అడిగినవారిని ఒక ప్రశ్న వేయడం మంచిది: "ఆ కాగితం మీద ఏయే వివరాలు కనిపించాలి?" ఈ ప్రశ్న చాలా తిరుగుడు తప్పిస్తుంది. ఎందుకంటే ఒక్కొక్కరి అవసరం ఒక్కో రకంగా ఉంటుంది.

లైఫ్‌లైన్ అనే ఫెడరల్ పథకం ఫోను లేదా ఇంటర్నెట్ బిల్లులో సాధారణంగా నెలకు 9.25 డాలర్ల దాకా తగ్గిస్తుంది. స్నాప్‌లో ఉన్నవారు దీనికి అర్హులు. చాలాసార్లు ప్రభుత్వ కంప్యూటర్లే పరస్పరం సరిచూసుకుని ఆమోదిస్తాయి, కాగితం అక్కరలేదు. పొంతన కుదరనప్పుడే కాగితం అడుగుతారు. అందులో మీ పేరు, పథకం పేరు, ఇచ్చిన శాఖ పేరు ఉండాలి. గత 12 నెలల్లో జారీ చేసిన తేదీ గానీ, ఇంకా రాని ముగింపు తేదీ గానీ ఉండాలి. ఇక్కడ నెలకు ఎంత వస్తుందన్న దానితో పనే లేదు.

పౌరసత్వ దరఖాస్తు సంగతి ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. ఎన్-400 ఫారాన్ని కాగితం మీద దాఖలు చేస్తే రుసుము 2024 ఏప్రిల్ నుంచి 760 డాలర్లు. ఆదాయం చూసి ఇచ్చే ప్రభుత్వ సహాయం అందుకుంటున్నవారు ఐ-912 ఫారం ద్వారా ఆ రుసుము మినహాయింపు కోరవచ్చు. దానికి జతచేసే రుజువులో సహాయం అందుకునే వ్యక్తి పేరు, మంజూరు చేసిన శాఖ, సహాయం రకం, అది ప్రస్తుతం కొనసాగుతోందన్న సూచన కనిపించాలి. తెలుగు కుటుంబాల్లో పిల్లల దగ్గర ఉంటున్న తల్లిదండ్రుల విషయంలో ఇక్కడే దెబ్బతింటారు. లేఖ కుటుంబ పెద్ద పేరు మీద వస్తుంది. తండ్రి పేరు మాత్రమే ఉన్న లేఖను తల్లి దరఖాస్తుకు జతచేస్తే అందులో ఆమె పేరు కనిపించదు. ధ్రువీకరణ లేఖ అడిగేటప్పుడే "కేసులో ఉన్న అందరి పేర్లూ కనిపించేలా ఇవ్వండి" అని చెప్పాలి. ఈ ఒక్క వాక్యం మరచిపోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి రావచ్చు.

బడికి మాత్రం చాలాసార్లు లేఖే అక్కరలేదు. స్నాప్‌లో ఉన్న కుటుంబాల పిల్లలను బడులు ప్రభుత్వ జాబితాతో నేరుగా సరిపోల్చుకుని ఉచిత భోజనానికి నమోదు చేస్తాయి. పేరు రాకపోతే భోజన దరఖాస్తులో కేసు నంబరు రాస్తే చాలు. కార్డు మీది పొడవాటి సంఖ్య కేసు నంబరు కాదని గుర్తుంచుకోవాలి. గర్భిణులకు, పసిపిల్లల తల్లులకు ఉన్న డబ్ల్యూఐసీ పథకంలోనూ స్నాప్ రుజువు చూపితే ఆదాయం విడిగా నిరూపించుకోనక్కర్లేదు.

ఇంటి యజమాని అడిగిన సందర్భం వేరు. స్నాప్ సహాయాన్ని ఫెడరల్, రాష్ట్ర, స్థానిక చట్టాల కింద దేనికీ ఆదాయంగా గానీ ఆస్తిగా గానీ లెక్కించకూడదని ఆ పథకం మూల చట్టంలోనే ఉంది. దాని మీద పన్ను కూడా లేదు. కాబట్టి రాయితీ ఇళ్ల కార్యాలయం ఈ లేఖ అడిగితే దాన్ని ఆదాయంలో కలపడానికి కాదని స్పష్టం చేసుకోవాలి. ఏ కార్యక్రమం కోసం అడుగుతున్నారో రాతపూర్వకంగా చెప్పమని కోరడంలో తప్పు లేదు. అవసరం లేని చోట ఇంట్లో అందరి వివరాలున్న కాగితం ఇవ్వకూడదు.

కొత్త లేఖ తీసుకునే దారులు

అన్నిటికంటే దగ్గర దారి రాష్ట్ర వెబ్‌సైటు. కాలిఫోర్నియాలో బెనిఫిట్స్‌కాల్, టెక్సాస్‌లో యువర్ టెక్సాస్ బెనిఫిట్స్, మసాచుసెట్స్‌లో డీటీఏ కనెక్ట్, పెన్సిల్వేనియాలో కంపాస్, మిషిగన్‌లో ఎంఐ బ్రిడ్జెస్, జార్జియాలో గేట్‌వే, న్యూయార్క్ నగరంలో యాక్సెస్ హెచ్ఆర్ఏ. పేర్లు వేరైనా వెతకాల్సిన చోట్లు రెండే. నోటీసులు లేదా లేఖలు అనే విభాగంలో కార్యాలయం పంపిన పాత కాగితాలుంటాయి. సహాయం రుజువు అనే అర్థం వచ్చే విభాగం ఉంటే, అక్కడ కొత్త ధ్రువీకరణ లేఖ తయారవుతుంది. మసాచుసెట్స్‌లో ఈ రెండో సౌకర్యం బాగుంది, లేఖను అక్కడికక్కడే దించుకోవచ్చు. అన్ని రాష్ట్రాలూ ఇలా చేస్తే ఈ వ్యాసం అవసరమే ఉండేది కాదు.

వెబ్‌సైటులో ఖాతా తెరవగానే కేసు కనిపిస్తుందనుకోవద్దు. ఖాతాను కేసుతో జతచేయాలి. దానికి కేసు నంబరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు చివరి అంకెలు వంటివి అడుగుతారు. పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా జత కాదు. మనవాళ్లకు ఎక్కువ ఇబ్బంది వచ్చేది ఇక్కడే. ఇంటిపేరు ముందు రాసే అలవాటు వల్ల పాస్‌పోర్టులో ఒక వరస, గ్రీన్‌కార్డులో ఒక వరస, కార్యాలయం కంప్యూటర్లో మూడో వరస ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారికి అమెరికా కాగితాల్లో అసలు పేరే ఇంటిపేరై, ముందు ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు అని అర్థం) అని చేరుతుంది. కేసు వర్కర్ దాన్ని ఒకసారి తీసేస్తారు, ఒకసారి ఉంచుతారు. పొడి అక్షరాలతో పేరు రాసుకునేవారి పాట్లు ఇంకో రకం. ఖాతా జత కాకపోతే ఫోను చేసి "మీ రికార్డులో నా పేరు అక్షరాలతో సహా ఎలా ఉంది?" అని అడగాలి. ముందు ఆ వరసలోనే రాసి పని ముగించుకుని, తర్వాత పేరు సరిచేయమని కోరాలి. పేరు సరికాకుండా ఎన్ని కొత్త లేఖలు తీసుకున్నా లైఫ్‌లైన్ వంటి చోట పొంతన కుదరదు.

ఫోను దారిలో ఓపిక కావాలి. టెక్సాస్‌లో 211 నంబరు ద్వారా వెళ్లాలి. మిగతా చోట్ల పాత కవరు మీదో, రాష్ట్ర వెబ్‌సైటులోనో నంబరు ఉంటుంది. మనిషి దొరికాక ఏ పనికి కావాలో ఒక్క వాక్యంలో చెప్పి, ప్రస్తుత సహాయం ధ్రువీకరణ లేఖ కావాలనాలి. "పోయిన లేఖ" అన్న మాట ఎత్తకపోవడమే మేలు. ఆ మాట వింటే అవతలివారు పాత నోటీసును మళ్లీ ముద్రించే పనిలో పడతారు. లేఖను ఏ చిరునామాకు పంపుతున్నారో చదివి వినిపించమని అడగండి. తొందరగా కావాలంటే గుర్తింపు కార్డుతో స్థానిక కార్యాలయానికి నేరుగా వెళ్లడం మంచిది, అక్కడే ముద్రించి ఇవ్వగలరేమో ముందుగా కనుక్కోండి.

లేఖ అడిగితే కేసును మళ్లీ తిరగదోడతారేమో అన్న భయం కొందరికి ఉంటుంది. ధ్రువీకరణ కోరడం కొత్త దరఖాస్తు కాదు, అర్హత కాలాన్ని అది మార్చదు. ఆ భయంతో లేఖ అడగకుండా ఊరుకుంటే నెలనెలా రావాల్సిన రాయితీ పోతుంది.

తల్లిదండ్రుల తరఫున పిల్లలు ఫోను చేసినప్పుడు

తల్లిదండ్రులకు ఇంగ్లిష్ ఇబ్బంది కాబట్టి కొడుకో కూతురో ఫోను చేస్తారు. అవతలివారు ఏమీ చెప్పలేమంటారు. పిల్లలకు కోపం వస్తుంది. నిజానికి అది మొండితనం కాదు, కేసు వివరాలు గోప్యంగా ఉంచాలన్న నియమం. దీనికి రెండు మార్గాలున్నాయి. తల్లిదండ్రులు రాతపూర్వకంగా మిమ్మల్ని అధీకృత ప్రతినిధిగా నియమిస్తే, మీరే మాట్లాడవచ్చు, కాగితాలు తీసుకోవచ్చు. ఒక ఫారం మీద సంతకంతో అయిపోయే పని ఇది. వయసు పైబడినవారున్న ప్రతి ఇంట్లో దీన్ని ముందే చేసిపెట్టుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

రెండోది, తల్లిదండ్రులనే ఫోనులో మాట్లాడనివ్వడం. ఫెడరల్ డబ్బుతో నడిచే పథకాల్లో భాష కారణంగా ఎవరికీ అన్యాయం జరగకూడదన్నది 1964 పౌర హక్కుల చట్టం నుంచి వచ్చిన సూత్రం. కాబట్టి కార్యాలయం ఉచితంగా దుబాసీని ఏర్పాటు చేయాలి. ఫోను ఎత్తగానే "తెలుగు" అన్న ఒక్క మాట చెప్పినా చాలు, దుబాసీ లైనులోకి వచ్చేదాకా ఆగవచ్చు. ఇది దయతో ఇచ్చే సౌకర్యం కాదు. "హిందీ వచ్చా?" అని అడిగితే రానివారు రాదని నిస్సంకోచంగా చెప్పాలి. సగం అర్థమైన భాషలో తలూపి, ఆదాయం గురించి తప్పు సమాధానం ఇవ్వడం కంటే కాసేపు ఆగడం ఎంతో నయం.

పాత నోటీసే కావలసిన సందర్భం

సహాయం తగ్గించారు, ఆపేశారు, లేదా మొదటి నుంచీ తక్కువ ఇచ్చారు. ఇలాంటప్పుడు కొత్త ధ్రువీకరణ లేఖ ఇప్పుడు ఎంత వస్తోందో మాత్రమే చెబుతుంది. ఎందుకు అంతే వస్తోందో చెప్పదు. మీకు కావలసింది ఆ నిర్ణయాన్ని తెలిపిన నోటీసు, అందులోని తేదీ.

ఆ తేదీ మీదే మీ హక్కులన్నీ ఆధారపడి ఉన్నాయి. కార్యాలయం నిర్ణయం మీద విచారణ కోరడానికి 90 రోజుల గడువు ఉంటుంది. అర్హత కాలం మధ్యలో సహాయం తగ్గించాలన్నా ఆపాలన్నా సాధారణంగా కనీసం 10 రోజుల ముందు నోటీసు పంపాలి. ఆ కొద్దిరోజుల్లోనే విచారణ కోరితే, అర్హత కాలం ఇంకా ముగియకపోతే, తీర్పు వచ్చేదాకా పాత మొత్తమే కొనసాగుతుంది. మీరు ఓడిపోతే ఆ తేడా తిరిగి కట్టాల్సి రావచ్చు, ఆ సంగతి కూడా తెలుసుకునే నిర్ణయించుకోవాలి. కాబట్టి నోటీసు పోయిందని గమనించగానే దాని నకలు కోసం ఎదురుచూస్తూ కూర్చోకూడదు. విచారణ కోరడానికి నోటీసు చేతిలో ఉండనక్కర్లేదు. ఫోనులో నోటితో చెప్పినా విచారణ కోరినట్టే లెక్క. ముందు అది నమోదు చేయించి, తర్వాత కాగితాలు తెప్పించుకోండి.

కాగితాలు తెప్పించుకునే హక్కు కూడా బలంగానే ఉంది. కుటుంబంలోని బాధ్యత గల వ్యక్తి గానీ ప్రతినిధి గానీ రాతపూర్వకంగా కోరితే, కేసు ఫైలును పనివేళల్లో చూసుకోనివ్వాలి. ఎవరైనా రహస్యంగా సమాచారం ఇచ్చి ఉంటే వారి పేరు వంటివి మాత్రం దాచవచ్చు. విచారణకు సంబంధించిన పుటల నకళ్లు అడిగితే ఉచితంగా ఇవ్వాలి. ఫైలు తెరిచినప్పుడు వెతకాల్సింది ఆదాయం, అద్దె, కరెంటు, గ్యాస్ ఖర్చులు, వైద్య ఖర్చులు ఎలా లెక్కించారో చూపే పుట. 60 ఏళ్లు దాటినవారికి సొంతంగా పెట్టుకున్న వైద్య ఖర్చు నెలకు 35 డాలర్లు మించితే, మించిన భాగాన్ని ఆదాయం నుంచి తగ్గించాలి. ఆ గడి ఖాళీగా ఉందేమో చూడండి. బిల్లులు ఇవ్వాలని ఎవరూ చెప్పకపోతే మందులు, చికిత్సలకు చేతి డబ్బు పెట్టుకునే పెద్దలు నష్టపోతారు.

తప్పు కార్యాలయానిదని తేలితే పోయిన సహాయాన్ని తిరిగి ఇవ్వాలి, కానీ వెనక్కి వెళ్లేది 12 నెలలే. రాష్ట్రాలు కేసు రికార్డులను కనీసం 3 ఏళ్లు భద్రపరచాలి. అంటే పాత నోటీసు కోసం అడిగితే "అంత పాతవి ఉండవు" అన్న సమాధానం ఏడాది నాటి కాగితానికి చెల్లదు.

అసలు లేఖ రాలేదంటే

పారేసుకున్న లేఖకూ, చేరనే చేరని లేఖకూ చాలా తేడా ఉంది. ఇల్లు మారి చిరునామా మార్పించుకోకపోతే ఆమోద లేఖ ఒక్కటే కాదు, తర్వాత వచ్చే ప్రతి కాగితమూ పాత తలుపు దగ్గరికే వెళుతుంది. అందులో అర్హత కాలం ముగింపు నోటీసు కూడా ఉంటుంది. అది చివరి నెల మొదలయ్యే లోపే వస్తుంది. ఆ చివరి నెల 15వ తేదీలోగా మళ్లీ దరఖాస్తు చేసి, ఇంటర్వ్యూ, కాగితాలు సకాలంలో పూర్తిచేసినవారికి సహాయం ఆగకుండా సాగాలి. నోటీసు చూడనివారికి కార్డు ఒకరోజు దుకాణంలో ఖాళీ అని తేలాకే విషయం తెలుస్తుంది. కాబట్టి లేఖ కోసం ఫోను చేసిన రోజే చిరునామా, అర్హత ముగిసే నెల రెండూ అడిగి రాసుకోవాలి. నా దృష్టిలో లేఖ నకలు కంటే ఈ రెండు సమాధానాలే విలువైనవి.

పథకం అర్హతలు కూడా మారుతున్నాయి. హెచ్-1బీ, విద్యార్థి వీసాలపై ఉన్నవారికి స్నాప్ లేదు. వారి ఇంట్లో పుట్టిన పౌరులైన పిల్లలకు కుటుంబ ఆదాయాన్ని బట్టి రావచ్చు. గ్రీన్‌కార్డు ఉన్న పెద్దలు సాధారణంగా అయిదేళ్లు ఆగాలి. 2025 జూలై 4న వచ్చిన చట్టం శరణార్థులు, ఆశ్రయం పొందినవారి అర్హతను కుదించింది. పోయినసారి ఆమోదం వచ్చింది కదా అని ఈసారీ వస్తుందనుకోకుండా ముగింపు నెలను గమనించుకోవాలి.

ధ్రువీకరణ లేఖకు కార్యాలయం డబ్బు తీసుకోదు. రుసుము కడితే లేఖ తెప్పిస్తామని చెప్పే వెబ్‌సైట్లకు మీ వివరాలు ఇవ్వకండి. కార్డు పిన్ అడిగే సందేశం ఏ శాఖ పేరుతో వచ్చినా అది దొంగలదే. దొంగలు కాజేసిన సహాయాన్ని ఫెడరల్ నిధులతో తిరిగి ఇచ్చే వెసులుబాటు 2024 డిసెంబరు 20 తర్వాత జరిగిన చోరీలకు లేదు.

ఇంకో రాష్ట్రానికి మారుతున్నవారికి కావలసిన లేఖ మళ్లీ వేరు. కార్డు దేశమంతా పనిచేస్తుంది కానీ కేసు రాష్ట్రం దాటదు. కొత్త రాష్ట్రంలో మళ్లీ దరఖాస్తు చేయాలి. ఒకే నెలకు రెండు చోట్ల సహాయం తీసుకోకూడదు కాబట్టి పాత కేసు ఏ తేదీన ముగిసిందో వారు సరిచూస్తారు. అందుకే సామాను సర్దుకునే ముందే పాత కార్యాలయానికి చెప్పి, కేసు మూసినట్టు, చివరి సహాయం ఏ నెలదో తెలిపేలా ఒక లేఖ తీసుకోండి. వెబ్‌సైటు ఖాతా తెరుచుకుంటున్నప్పుడే అందులోని పాత నోటీసులన్నీ దించి భద్రపరచుకోండి. కేసు మూసేశాక ఆ ఖాతాలో అవి ఎంతకాలం కనిపిస్తాయో చెప్పలేం.